మీ ప్రశ్నలు – మా జవాబులు: లినక్స్ ఫోన్‌లో ఆండ్రాయిడ్ యాప్‌ల గోప్యత

గూగుల్ సేవలు లేకుండా, కేవలం లినక్స్‌తో నడిచే ఫోన్‌ను రోజువారీ వాడకానికి పెట్టుకోవాలనుకునే పాఠకుల ఉత్తరాలు ఈ మధ్య తరచుగా వస్తున్నాయి. కొన్ని ఆండ్రాయిడ్ యాప్‌లు లేకపోతే పని జరగదు, వాటిని పెట్టుకుంటూనే మన వివరాలు మన దగ్గరే ఉంచుకోవడం ఎలా అన్నదే వాటిలో ఎక్కువమంది అడిగిన సంగతి. అందుకే ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాము.

ప్రశ్న: నా దగ్గర పాత పోకో ఎఫ్1 ఫోన్ ఉంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన తరువాత అందులో పోస్ట్‌మార్కెట్ ఓఎస్ అనే లినక్స్ వ్యవస్థ వేసుకున్నాను. వేడ్రాయిడ్ పెట్టుకుంటే ఆండ్రాయిడ్ యాప్‌లు కూడా నడుస్తాయని విన్నాను. అలా నడిచే యాప్‌లకు లినక్స్ వైపు ఉన్న నా ఫొటోలు, ఫోన్ నంబర్లు, మెసేజ్‌లు కనిపిస్తాయా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మామూలు అమరికలో కనిపించవు. ఎందుకు కనిపించవో తెలిస్తే, ఏవి కనిపిస్తాయో కూడా అర్థమవుతుంది గనుక కాస్త వివరంగా చెబుతాము.

లినక్స్‌పై ఆండ్రాయిడ్‌ను కంటెయినర్‌లో, అంటే మిగతా వ్యవస్థ నుంచి వేరుచేసిన ఒక అరలో, నడపవచ్చని 2017లో అన్‌బాక్స్ అనే ప్రాజెక్టు చూపించింది. ఆ బాటలోనే 2021లో వేడ్రాయిడ్ వచ్చింది. ఇది లీనియేజ్ ఓఎస్ అనే స్వేచ్ఛా ఆండ్రాయిడ్ రూపం ఆధారంగా తయారుచేసిన పూర్తి ఆండ్రాయిడ్ వ్యవస్థను ఎల్‌ఎక్స్‌సీ అనే రకపు కంటెయినర్‌లో ఉంచి, దాని తెరను వేలాండ్ అనే లినక్స్ తెర పద్ధతి ద్వారా మీ లినక్స్ తెర మీదికి తెస్తుంది. ఆండ్రాయిడ్ కూడా లినక్స్ కెర్నెల్ (యంత్రాన్ని నడిపే మూలభాగం) మీదే నడిచేది కాబట్టి ఇక్కడ మరో యంత్రాన్ని అనుకరించవలసిన పని లేదు. ఆండ్రాయిడ్ భాగాలు తమలో తాము మాట్లాడుకోవడానికి వాడే బైండర్ అనే సదుపాయం కెర్నెల్‌లో ఉంటే చాలు, మీ ఫోన్ ప్రాసెసరు ఆ యాప్‌లను నేరుగా నడుపుతుంది.

ఒకే ఆవరణలో రెండు వాటాలున్న ఇంటిని ఊహించుకోండి: గదులు ఎవరివి వారివే గాని బావి ఒక్కటే. లినక్స్, వేడ్రాయిడ్ అలా ఒకే కెర్నెల్‌ను పంచుకుంటాయి గాని, ఫైళ్లు మాత్రం వేరు వేరు చోట్ల ఉంటాయి. కంటెయినర్‌లోని యాప్‌కు ఫొటోల అనుమతి ఇచ్చినా అది చూసేది ఆ ఆండ్రాయిడ్‌కు సొంతమైన, మొదట ఖాళీగా ఉండే ఫొటోల ఫోల్డరునే. కాంటాక్టుల అనుమతి ఇస్తే అక్కడ ఒక్క పేరు కూడా ఉండదు. సిమ్ కార్డును లినక్స్ వైపున్న మోడెమ్ మేనేజర్ చూసుకుంటుంది గనుక మీ కాల్ రికార్డు గాని, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ మెసేజ్‌లు గాని కంటెయినర్‌లోని యాప్ చదవలేదు. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులను, మెసేజ్‌లను తోడుకుని ఎంతమందిని వేధించాయో మన రెండు రాష్ట్రాల పత్రికలు చదివేవారికి తెలియనిది కాదు. అలాంటి యాప్‌కు దోచుకోవడానికి ఇక్కడ ఏమీ దొరకదన్న ఒక్క కారణం చాలు, ఈ అమరిక మీద మాకు గౌరవం కలగడానికి.

ఇక కనిపించేవాటి సంగతి. మీ ఇంటర్నెట్ చిరునామా అన్నిటికంటే ముందుగా కనిపిస్తుంది. కంటెయినర్ వేడ్రాయిడ్0 అనే నెట్‌వర్క్ వంతెన మీదుగా మీ ఫోన్ కనెక్షన్‌నే వాడుకుంటుంది గనుక, అవతలి సర్వరుకు మీరు ఏ కంపెనీ నెట్ వాడుతున్నారో, సుమారుగా ఏ ఊరి నుంచో తెలిసిపోతుంది. లినక్స్ వైపు వీపీఎన్ (మీ రాకపోకలను మరో సర్వరు మీదుగా పంపే గుప్త దారి) పెడితే సాధారణంగా కంటెయినర్ రాకపోకలు కూడా దాని గుండానే వెళతాయి గాని, అలా వెళుతున్నాయో లేదో కంటెయినర్‌లోని బ్రౌజరులో మీ చిరునామాను ఒకసారి చూసుకుని నిర్ధారించుకోండి. నెట్ అవసరమే లేని నిఘంటువు, పంచాంగం వంటి యాప్‌లు మాత్రమే వాడుతున్నప్పుడు, కంటెయినర్ మొత్తానికీ ఈ వంతెన మీదుగా బయటకు వెళ్లే దారిని లినక్స్ ఫైర్‌వాల్‌లోనే (నెట్ రాకపోకలను అడ్డుకునే కాపలాలోనే) మూసివేయవచ్చు. ఆ మూత యాప్ చేతిలో ఉండదు.

రెండవది మైక్రోఫోను. శబ్దం వినిపించడానికి లినక్స్ ఆడియో సర్వరు తలుపును కంటెయినర్‌కు తెరవవలసి ఉంటుంది, ఆ తలుపు గుండానే మైకు కూడా అందుతుంది. కాబట్టి ఆండ్రాయిడ్‌లో మైకు అనుమతి ఇచ్చే ముందు మామూలు ఫోన్‌లో ఆలోచించినంతగానూ ఆలోచించండి.

మూడవది క్లిప్‌బోర్డు. దీన్ని చాలామంది పట్టించుకోరు. లినక్స్‌లో కాపీ చేసినది ఆండ్రాయిడ్ యాప్‌లో పేస్ట్ అయ్యేలా వేడ్రాయిడ్‌లో ఒక సదుపాయం ఉంది, దానికి పైక్లిప్ అనే చిన్న పైథాన్ ప్యాకేజీ కావాలి. అది ఉంటే, మీరు లినక్స్ వైపున్న పాస్‌వర్డ్ మేనేజరులో ఒక పాస్‌వర్డ్ కాపీ చేసి వెంటనే ఏదో ఆండ్రాయిడ్ యాప్ తెరిచారనుకోండి, ఆ పాస్‌వర్డ్ ఆ యాప్‌కు అందుబాటులోకి వస్తుంది. తెర మీద ఉన్న యాప్‌కూ, కీబోర్డుకూ తప్ప క్లిప్‌బోర్డు అందకుండా ఆండ్రాయిడ్ 10 నుంచి కట్టడి ఉన్నమాట నిజమే. అయినా తెర మీద ఉన్న యాప్‌నే మీరు నమ్మకపోతే ఆ కట్టడి వల్ల లాభం లేదు. ఆ సదుపాయం అవసరం లేకపోతే పైక్లిప్ పెట్టుకోకపోవడమే మేలు.

ఇంకొక్క మాట. గోడ ఉన్నది లినక్స్‌కూ ఆండ్రాయిడ్‌కూ మధ్యనే. కంటెయినర్‌లోని యాప్‌లన్నీ ఒకే ఆండ్రాయిడ్‌లో పక్కపక్కనే ఉంటాయి గనుక, నమ్మకం లేని యాప్‌ను, మీ సొంత కాగితాలున్న యాప్‌ను కలిపి అందులో పెట్టకండి.

ప్రశ్న: వేడ్రాయిడ్‌ను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడు వనిల్లా కావాలా, గ్యాప్స్ కావాలా అని అడుగుతోంది. ఏది ఎంచుకోవాలి? గ్యాప్స్ లేకపోతే యాప్‌లు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: వనిల్లా ఎంచుకోండి, మాస్టారూ. అది గూగుల్ సేవలు లేని రూపం. గ్యాప్స్ అంటే గూగుల్ ప్లే స్టోరు, ప్లే సర్వీసులు కలిపి ఉన్న రూపం. ప్లే సర్వీసులు ఆండ్రాయిడ్‌లో మామూలు యాప్‌ల కంటే ఎక్కువ అధికారాలతో ఎప్పుడూ నడుస్తూ ఉంటాయి. పైగా వేడ్రాయిడ్ గూగుల్ ధ్రువీకరించిన పరికరం కాదు గనుక ప్లే స్టోరు పనిచేయాలంటే, మీ కంటెయినర్ గుర్తింపు సంఖ్యను మీ గూగుల్ ఖాతాతో గూగుల్ వెబ్‌సైటులో నమోదు చేయవలసి వస్తుంది. గూగుల్ నుంచి దూరంగా ఉండడానికి ఇంత శ్రమపడి లినక్స్ వేసుకుని, చివరికి ఆ కంటెయినర్‌ను మీ పేరుతో మీరే గూగుల్‌కు రాసి ఇవ్వడం మాకు సబబుగా తోచదు.

యాప్‌ల కోసం మొదట వెతకవలసిన చోటు ఎఫ్-డ్రాయిడ్. 2010 నుంచి నడుస్తున్న ఈ భాండాగారంలో సోర్స్ కోడ్ బహిరంగంగా ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ యాప్‌లు మాత్రమే ఉంటాయి. ఖాతా తెరవనవసరం లేదు. ఏదైనా యాప్‌లో వాడేవారికి ఇష్టం లేకపోయే లక్షణం ఉంటే, ఉదాహరణకు మూసివున్న సేవ మీద ఆధారపడితే, ఆ సంగతి దాని పేజీలోనే హెచ్చరికగా రాస్తారు. అక్కడ దొరకని యాప్ తప్పనిసరి అయితే అరోరా స్టోర్ అనే యాప్ ద్వారా, మీ గూగుల్ ఖాతా ఇవ్వకుండా అనామకంగా, ప్లే స్టోరులోని ఉచిత యాప్‌లను దించుకోవచ్చు. దించే ముందు అదే పేజీలో ఎక్సోడస్ నివేదిక చూడండి. ఎక్సోడస్ ప్రైవసీ అనేది ఫ్రాన్సులోని ఒక లాభాపేక్ష లేని సంస్థ; ఫలానా యాప్‌లో ఏయే ప్రకటనల కంపెనీల, గణాంకాల కంపెనీల కోడు పొదిగి ఉందో అది విశ్లేషించి చెబుతుంది. ఒక టార్చిలైటు యాప్‌లోనో, క్యాలెండరు యాప్‌లోనో అటువంటి పేర్లు వరుసగా కనబడితే, కంటెయినర్‌లో ఉంది కదా అని ధీమా పడకుండా దాన్ని వదిలి మరొకటి చూసుకోవడం మంచిది.

వనిల్లాలో ఒక ఇబ్బంది ఉంది. చాలా యాప్‌లు కొత్త సందేశం వచ్చిందని చెప్పడానికి గూగుల్ నోటిఫికేషన్ వ్యవస్థ మీదే ఆధారపడతాయి. అది లేకపోతే యాప్ తెరిచినప్పుడే సందేశాలు వస్తాయి. దీనికి మైక్రోజీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కొంతవరకు విరుగుడు. ప్లే సర్వీసులు చేసే పనుల్లో ముఖ్యమైనవాటిని అది తిరిగి రాసి అందిస్తుంది. అయితే నోటిఫికేషన్లు మాత్రం అప్పుడు కూడా గూగుల్ సర్వర్ల మీదుగానే వస్తాయి. యాప్ లేకుండా వెబ్‌సైటులోనే పని జరిగిపోయే చోట అసలు యాప్ వద్దనేదే మా అభిప్రాయం: డిజీలాకరు, రైలు టికెట్లు, కరెంటు బిల్లు, ఇవన్నీ ఫైర్‌ఫాక్సులో చేసుకోవచ్చు.

ప్రశ్న: చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాను. చెల్లింపులన్నీ యూపీఐలోనే. లినక్స్ ఫోన్ మీద మోజు ఉంది గాని ఆ యాప్‌లు పనిచేయకపోతే గల్లాపెట్టె మూసినట్టే. వేడ్రాయిడ్‌లో యూపీఐ నడుస్తుందా?
– వ్యాపారి, గుంటూరు

జవాబు: నడుస్తుందని నమ్ముకుని మీ ఫోన్ మార్చకండి. యూపీఐ యాప్ మొదటిసారి నమోదయ్యేటప్పుడు మీ ఫోన్ నుంచే, మీ సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ తనంతట తాను పంపి, ఆ నంబరుకూ ఆ పరికరానికీ ముడివేస్తుంది. వేడ్రాయిడ్‌కు సిమ్ అందదని పైన చెప్పుకున్నాము. మీ మెసేజ్‌లను కాపాడే ఆ గోడే ఇక్కడ అడ్డు నిలుస్తుంది. దానికి తోడు, చాలా బ్యాంకు యాప్‌లు తాము నడుస్తున్న పరికరం గూగుల్ ధ్రువీకరించినదేనా అని ప్లే ఇంటెగ్రిటీ ద్వారా విచారిస్తాయి. పూర్వం ఈ పని చేసిన సేఫ్టీనెట్ సేవను గూగుల్ 2025లో పూర్తిగా ఆపివేసింది. వేడ్రాయిడ్ ఆ పరీక్షలో నెగ్గదు. పరికరం పేరు మార్చి పరీక్షను బోల్తా కొట్టించే స్క్రిప్టులు అక్కడక్కడా దొరుకుతాయి; ఎవరు రాశారో తెలియని వాటిని నిర్వాహకుడి అధికారాలతో నడిపించి, ఆ పైన డబ్బు యాప్ తెరవడం గోప్యత కోరుకునే మనిషి చేయవలసిన పని కాదు.

మీకు అందుబాటులో ఉన్న దారులు వేరే ఉన్నాయి. కొట్టులో డబ్బు తీసుకోవడానికి కౌంటరు మీద క్యూఆర్ కోడు, డబ్బు పడినప్పుడు గట్టిగా చెప్పే సౌండ్‌బాక్సు ఉంటే మీ జేబులో ఏ ఫోన్ ఉన్నా నడుస్తుంది. మీరు చెల్లించవలసి వచ్చినప్పుడు, బ్యాంకులో నమోదైన నంబరు నుంచి *99# డయల్ చేస్తే ఇంటర్నెట్, యాప్ ఏదీ లేకుండానే యూపీఐ చెల్లింపు జరుగుతుంది. దానికి పరిమితులు ఉన్నాయి, మెనూలో ఒక్కొక్క మెట్టూ దిగుతూ వెళ్లాలి గనుక ఓపిక కావాలి. పైగా మీ లినక్స్ ఫోన్ డయలరు ఆ రకపు కోడ్‌లను పంపగలదో లేదో ముందుగా ప్రయత్నించి చూసుకోండి. రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించిన యూపీఐ 123పే కూడా మామూలు ఫోన్ల కోసమే వచ్చింది. ఇవి చాలవనుకుంటే, డబ్బు యాప్‌లు తప్ప మరేమీ పెట్టని ఒక చవక ఆండ్రాయిడ్ ఫోన్ కొట్టులోనే ఉంచుకుని, మీ మాటలు, ఫొటోలు, ఉత్తరాలు ఉండే ఫోన్‌ను లినక్స్‌గా వాడుకోండి. మీ పరిస్థితికి మా సలహా ఇదే.

ప్రశ్న: మా బంధువులందరూ వాట్సాప్‌లోనే ఉన్నారు. దాన్ని వదిలేయడం నా వల్ల కాదు. వేడ్రాయిడ్‌లో పెట్టుకుంటే దానికి నా వివరాలు తక్కువ అందుతాయా?
– గృహిణి, కాకినాడ

జవాబు: తక్కువే అందుతాయి గాని, మీరు కోరుకున్నంత తక్కువ కాదు. కంటెయినర్‌లో కాంటాక్టుల పుస్తకం ఖాళీగా ఉంటుంది గనుక మీ లినక్స్ ఫోన్‌లో ఉన్న డాక్టరు నంబరు, పిల్లల బడి నంబరు, పనిమనిషి నంబరు ఆ కంపెనీకి చేరవు. మాట్లాడవలసిన నలుగురి నంబర్లు మాత్రం అందులో చేర్చుకుంటే సరిపోతుంది. సందేశాల సారం రెండు చివరల మధ్య గుప్తంగానే ఉంటుంది; వాట్సాప్ ఆ ఏర్పాటును 2016లో అందరికీ పూర్తిచేసింది. అయితే మీరు ఎవరితో, ఎప్పుడు, ఎంత తరచుగా మాట్లాడుతున్నారు, ఏయే గుంపుల్లో ఉన్నారు అన్నవి సర్వరు వైపు తెలిసేవే, వాటిని ఏ కంటెయినరూ దాచలేదు. మీ అత్తగారి ఫోన్‌లో మీ పేరు, నంబరు ఉన్నంతవరకు అవి ఆ వైపు నుంచి కూడా చేరుతూనే ఉంటాయి.

మీకు ఇంకొక పద్ధతి సౌకర్యంగా ఉండవచ్చునమ్మా. పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఇంట్లో వైఫై మీద ఉంచి అందులో వాట్సాప్ నడపండి, మీ లినక్స్ ఫోన్ బ్రౌజరులో వాట్సాప్ వెబ్ తెరిచి దానికి జతచేయండి. 2021లో వచ్చిన మార్పు తరువాత అసలు ఫోన్ ఆ క్షణంలో నెట్‌లో లేకపోయినా జతచేసినవి పనిచేస్తున్నాయి. 14 రోజులకు పైగా అసలు ఫోన్ వాడకపోతే మాత్రం జత తెగిపోతుంది. ఫోన్ తెర మీద ఆ పేజీ ఇరుకుగా కనిపిస్తే బ్రౌజరులో డెస్క్‌టాప్ సైటు ఎంచుకుని చూడండి. మీ రాష్ట్రంలో 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో ప్రభుత్వ సేవలు కూడా వాట్సాప్‌లో ఇస్తున్నారు గనుక, దాన్ని పూర్తిగా వదులుకోలేకపోవడం ఒక్క మీ ఇబ్బంది కాదు. ప్రభుత్వ సేవ ఏదైనా ఒక ప్రైవేటు కంపెనీ యాప్‌లోనే కాక మామూలు వెబ్‌సైటులోనూ అంతే సులభంగా దొరకాలని మేము గట్టిగా నమ్ముతాము.

ప్రశ్న: లిబ్రెమ్ 5 అనే లినక్స్ ఫోన్ వాడుతున్నాను. వేడ్రాయిడ్ తెరిస్తే ఫోన్ మొత్తం మందగిస్తోంది. వేరే మార్గం ఉందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: లిబ్రెమ్ 5లో ఉన్నది 3 జీబీ ర్యామ్. దానిలో లినక్స్ తెరతో పాటు ఒక పూర్తి ఆండ్రాయిడ్ కూడా ఇమడాలి గనుక మందగించక తప్పదు. పని అయిపోగానే యాప్ మూసి ఊరుకోకుండా వేడ్రాయిడ్ సెషన్‌నే ఆపండి. బ్యాటరీ కూడా నిలుస్తుంది, వెనకాల ఏ యాప్ నెట్‌తో మాట్లాడే అవకాశమూ ఉండదు. ఆండ్రాయిడ్ ట్రాన్స్‌లేషన్ లేయర్ అనే మరో ప్రయత్నం నడుస్తోంది. అది పూర్తి ఆండ్రాయిడ్‌ను తేకుండా యాప్ అడిగే పిలుపులను లినక్స్ పద్ధతిలోకి మార్చి ఇస్తుంది, కాబట్టి తేలిక. కానీ ప్రస్తుతానికి కొన్ని యాప్‌లే దానిపై సరిగా నడుస్తాయి, కంటెయినర్ ఇచ్చే వేర్పాటు కూడా దానంతట అది ఇవ్వదు. మీ ఫోన్ పక్కనున్న మూడు మీటలను మరిచిపోకండి. మైకు, కెమెరాలకు ఒకటి, వైఫైకి ఒకటి, మొబైల్ నెట్‌వర్క్‌కు ఒకటి, వాటికి కరెంటునే ఆపివేస్తాయి గనుక ఏ యాప్ అయినా వాటిని దాటలేదు.

ప్రశ్న: ఇంత చేస్తే నా ఫోన్ మామూలు ఆండ్రాయిడ్ కంటే సురక్షితమైనట్టేనా?
– పరిశోధక విద్యార్థిని, తిరుపతి

జవాబు: గోప్యత వేరు, భద్రత వేరు. మీ వివరాలను ఏ కంపెనీ పోగుచేయకుండా చూసుకోవడంలో లినక్స్ ఫోన్ ఎంతో ముందుంది. కానీ దొంగ చేతిలో పడ్డప్పుడో, పనిగట్టుకుని ఎవరైనా చొరబడాలని చూసినప్పుడో తట్టుకునే శక్తిలో నేటి మంచి ఆండ్రాయిడ్ ఫోనే ముందుంది. బూట్ అయ్యేటప్పుడు వ్యవస్థలో మార్పులు జరగలేదని సరిచూసే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో పక్కాగా ఉంటుంది. పైన్‌ఫోన్ వంటి లినక్స్ ఫోన్లలో, పోస్ట్‌మార్కెట్ ఓఎస్ వేసిన పాత ఫోన్లలో ఆ ఏర్పాటు అంతగా ఉండదు. కెర్నెల్‌లో ఒక లోపం బయటపడితే కంటెయినర్ గోడ దాటే దారి కూడా దొరకవచ్చు, అందుచేత అప్‌డేట్లను వాయిదా వేయకండి.

పాత్రికేయులకూ, ఇతరుల రహస్యాలు తమ దగ్గర ఉన్నవారికీ మేము గూగుల్ పిక్సెల్ ఫోన్ మీద, ఆండ్రాయిడ్‌నే భద్రత కోసం గట్టిపరిచిన గ్రాఫీన్ ఓఎస్ సూచిస్తాము. అందులో ప్లే సర్వీసులను సైతం ప్రత్యేక అధికారాలేమీ లేని మామూలు యాప్‌లాగా నడపవచ్చు. మీ వివరాలు ప్రకటనల వ్యాపారానికి సరుకు కాకూడదన్నదే మీ ఉద్దేశమైతే, మీ పరికరంలో ఏం నడుస్తోందో చివరిదాకా మీరే చూసుకోవాలన్న కోరిక ఉంటే, లినక్స్ ఫోన్ మంచి ఎంపిక.

ప్రశ్న: వేడ్రాయిడ్‌లో తెలుగు టైపు చేయడం ఎలా? గూగుల్ కీబోర్డు వద్దు.
– కథా రచయిత్రి, కరీంనగర్

జవాబు: ఎఫ్-డ్రాయిడ్‌లో ఇండిక్ కీబోర్డ్ ఉంది. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వారి చొరవతో వచ్చిన ఆ కీబోర్డులో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి కూడా దొరుకుతుంది. కీబోర్డు మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ చూస్తుంది గనుక, దాన్ని ఎంచుకోవడంలో మీరు చూపిన జాగ్రత్త సరైనదే.

ప్రశ్న: ఫోన్ వేరేవారికి ఇచ్చేద్దామనుకుంటున్నాను. వేడ్రాయిడ్ ప్యాకేజీ తీసేస్తే అందులోని యాప్‌ల డేటా కూడా పోయినట్టేనా?
– బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: పోదు. ప్యాకేజీ తీసేసినా ఆండ్రాయిడ్ యాప్‌ల డేటా మీ హోమ్ ఫోల్డరులో, చుక్కతో మొదలయ్యే లోకల్ అనే దాగిన ఫోల్డరు లోపల, షేర్ కింద, వేడ్రాయిడ్ పేరుతో అలాగే ఉండిపోతుంది. దాని యాజమాన్యం ఆండ్రాయిడ్ వాడుకరి సంఖ్యల పేరిట ఉంటుంది గనుక, మామూలుగా తొలగించబోతే అనుమతి లేదని చెప్పవచ్చు. నిర్వాహకుడి అధికారమిచ్చే సుడో ఆదేశం వాడి తొలగించండి. ఆండ్రాయిడ్ వ్యవస్థ ఫైళ్లు వార్ (var) డైరెక్టరీలోని లిబ్ (lib) కింద మరో వేడ్రాయిడ్ ఫోల్డరులో ఉంటాయి, దాన్ని కూడా తీసేయండి. ఇలా తొలగించినవాటిని కూడా కొన్నిసార్లు తిరిగి రాబట్టవచ్చు. పోస్ట్‌మార్కెట్ ఓఎస్ వేసేటప్పుడు డిస్కు మొత్తాన్ని గుప్తీకరించే ఎంపిక పెట్టుకుని ఉంటే, ఆండ్రాయిడ్ డేటా కూడా ఆ గుప్తీకరణ లోపలే ఉన్నట్టు. అలా పెట్టుకోకపోతే, ఇచ్చే ముందు కొత్తగా, ఈసారి గుప్తీకరణతో వ్యవస్థను మళ్లీ వేసి, ఖాళీ స్థలాన్ని పెద్ద ఫైలుతో ఒకసారి నింపి తుడిచి ఇవ్వండి.